విక్కా ‘హాని వద్దు’ సూత్రం: జారిపోయిన సగం వాక్యం

ఎవరికీ హాని కలగనంత వరకు నీకు నచ్చింది చెయ్యి. విక్కా అంటే బ్రిటన్‌లో 20వ శతాబ్దంలో పుట్టిన, మంత్రవిద్యతో ముడిపడిన కొత్త మతం. ఆ మతస్థుల నీతి అంతా ఈ మాటలోనే ఉందని చాలామంది చెబుతారు. ఇంగ్లిషులో ఇది ఎనిమిదే పదాలు. పేరు ‘విక్కన్ రీడ్’, అంటే హితవు. తరతరాలుగా మంత్రగత్తెల కుటుంబాల్లో గుట్టుగా వస్తున్న శాసనం ఇదని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కాగితం మీద మాత్రం ఈ మాట జాడ 1959కి ముందు దొరకదు. ఆ ఏడు అచ్చయిన రూపానికీ, ఇప్పుడు అందరి నోటా నానుతున్న రూపానికీ తేడా ఉంది. నేటి తగవులన్నీ ఆ తేడాలోంచి పుట్టినవే.

మంత్రవిద్యపై 1735లో చేసిన చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరై, విక్కాను లోకానికి పరిచయం చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో తన మతం గురించి బాహాటంగా పుస్తకం రాశాడు. ఆదివారం పత్రికలు దాన్ని క్షుద్రపూజగా చిత్రించాయి. అందుకే 1959లో వచ్చిన రెండో పుస్తకంలో ఆయన తమ నీతి ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఎవరికీ హాని చేయకుండా ఇష్టమొచ్చినట్లు బతకమన్న పౌసోల్ రాజు తీరు తమకు నచ్చుతుందన్నాడు. ఆ రాజు పియరీ లూయీ 1901లో రాసిన ఫ్రెంచ్ నవలలోని పాత్ర. హాని అన్న షరతు లేకుండా ‘నీ సంకల్పమే శాసనం’ అనే ధోరణి ఇంగ్లిషు మంత్రసాధకుడు అలిస్టర్ క్రౌలీ 1904 నాటి రచనలో ఉంది. 1947లో క్రౌలీని స్వయంగా కలిసిన గార్డ్‌నర్‌కు అది బాగా తెలుసు.

అసలు విషయం పౌసోల్ మాట వెంటనే గార్డ్‌నర్ రాసిన వాక్యంలో ఉంది. మంత్రాన్ని ఎవరికైనా హాని కలిగించే పనికి వాడకూడదు. అంతకన్నా పెద్ద అన్యాయాన్ని ఆపడానికి ఎవరినైనా ఇబ్బంది పెట్టక తప్పకపోతే, హాని తగ్గే పద్ధతిలోనే పెట్టాలి. అంటే హానిని తూచమన్నాడు, తగ్గించమన్నాడు. 1940లో హిట్లర్ సేన దండెత్తకుండా ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ అడవిలో మంత్రగత్తెలు క్రతువు చేశారని ఆయన చెప్పిన కథలోనూ వాళ్లు పంపిన సందేశం ‘నువ్వు సముద్రం దాటలేవు’ అనే. ‘చావు’ అని కాదు.

గార్డ్‌నర్ 1964 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆ అక్టోబరు 3న ఒక విందు ప్రసంగంలో ఆయన శిష్యురాలు డోరీన్ వాలియెంటె ఎనిమిది పదాల రూపాన్ని ప్రాసతో వినిపించింది. నోటికి పట్టే మాట కావడంతో సులువుగా వ్యాపించింది. రెండో వాక్యం మాత్రం వెనకే ఉండిపోయింది. 1975లో అమెరికాలోని ‘గ్రీన్ ఎగ్’ పత్రికలో 26 ద్విపదల గేయం అచ్చయింది. అది తన నాయనమ్మ నుంచి వచ్చిందని దాన్ని అచ్చుకిచ్చిన గ్వెన్ థాంప్సన్ చెప్పింది. చివరి ద్విపద మాత్రం వాలియెంటె మాటలే. ప్రాచీనత నమ్మకానికి ఎక్కువ బలం ఇచ్చింది ఈ గేయమే.

‘చేసింది మూడింతలై తిరిగొస్తుంది’ అన్న నియమాన్ని రీడ్‌తో కలిపేస్తుంటారు. దాని పుట్టుక వేరు. గార్డ్‌నర్ పద్ధతి రెండో దీక్షలో గురువు దీక్షితుడిని 3, 7, 9, 21 చొప్పున మొత్తం 40 సార్లు కొరడాతో మెల్లగా తాకుతారు. దీక్షితుడు దానికి మూడింతలు, అంటే 9, 21, 27, 63 చొప్పున 120 తాకిడులు తిరిగివ్వాలి. అందుకున్నదాన్ని మూడింతలుగా తిరిగివ్వడం దీక్షితుడి బాధ్యత అన్న పాఠం అది. తర్వాత అమెరికాలో విక్కా రచయిత రేమండ్ బక్‌లాండ్ వంటివారి ప్రచారంతో అది విశ్వనియమంగా మారింది. మన కర్మ సిద్ధాంతంతో పోలిక తోచినా, ఇక్కడ ఫలితం సాధారణంగా ఈ జన్మలోనే.

1978లో అమెరికా సైన్యం తన మతగురువుల కోసం వేసిన చేతిపుస్తకం రీడ్‌నే ఈ మతపు మూల నీతిగా చూపింది. 1988 నుంచి, గుంపు లేకుండా ఒంటరిగా సాధన చేసేవారి కోసం స్కాట్ కన్నింగ్‌హామ్ రాసిన పుస్తకంతో ఒంటరి సాధకులు బాగా పెరిగారు. కోవెన్‌లో, అంటే విక్కన్ల చిన్న సాధక బృందంలో, ఏడాదీ ఒక రోజూ నేర్పి, సందేహం తీర్చే పెద్దలుంటారు. ఒంటరి సాధకుడికి మిగిలింది ఆ ఎనిమిది పదాలే.

ఆచరణలో చిక్కు ఇక్కడే. ఫలానా మనిషి పేరు, ఫొటో పెట్టి చేసే ప్రేమ ప్రయోగం అతని ఇష్టాన్ని తొక్కేస్తుంది కాబట్టి వద్దంటారు. పేరు లేకుండా, కోరుకునే గుణాలు మాత్రమే రాసి చేయమంటారు. రోగికి స్వస్థత ప్రయోగం చేసేముందు అనుమతి అడగమంటారు. ఒకరి చేష్టను మంత్రంతో కట్టడి చేసే బంధన ప్రయోగం మరీ సున్నితం. వేధించేవాడి బొమ్మను నల్ల తాడుతో చుట్టి ముడివేసేటప్పుడు పలికే మాట అతని చేష్టను ఆపేదిగా ఉండాలి. కోపంలో అది ‘మంచాన పడాలి’ అన్నదాకా పోతే బంధనం కాస్తా శాపమవుతుంది. అందుకే మాటను ముందే రాసుకుని, ఒక రోజు ఆగి చదువుకోవడం మంచి పద్ధతి. పోలీసు ఫిర్యాదు వంటి మామూలు దారులకు ఇది బదులు కాదు.

రీడ్ ఒక షరతు వాక్యం. హాని లేని పనికి అనుమతిస్తుంది. హాని తప్పని చోట ఏం చేయాలో చెప్పదు. ఆ ఖాళీలోనే జెడ్ బుడాపెస్ట్ వంటి స్త్రీవాద సాధకులు అత్యాచారం చేసినవారిపై శాపం న్యాయమేనన్నారు. 2017 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌పై కొందరు సామూహిక బంధనం చేసినప్పుడు విక్కన్లలోనే వాదం రేగింది. ఒక వర్గం దాన్ని రీడ్ ఉల్లంఘన అంది. చేష్టను ఆపడమే తప్ప మనిషిని దెబ్బతీయడం కాదని ఇంకో వర్గం అంది. ఆ రెండో వర్గం వాదం, తెలిసో తెలియకో, 1959 నాటి రెండో వాక్యమే.