పెద్దవాళ్ళకు జావ చాలదండీ

"అమ్మకు రాత్రిపూట ఏమీ అరగదు మేడమ్, కాస్త జావ ఇస్తే చాలు." ఆశ్రమంలో చేర్పించే రోజు మందుల డబ్బా, కళ్ళజోడు, ఆధార్ జిరాక్సుతో పాటు ఈ మాటను కూడా మాకు అప్పగించి వెళ్తారు. వృద్ధాశ్రమాల్లో డైటీషియన్‌గా తిరుగుతున్న పదకొండేళ్ళలో నేను చూసిన నష్టంలో పెద్ద వాటా ఈ మాటదే.

అపోహ: వయసు మళ్ళాక తేలికైన తిండి చాలు.

ఒంటికి పని తగ్గుతుంది కాబట్టి క్యాలరీల అవసరం కొంత తగ్గుతుంది, నిజమే. ప్రొటీన్ అవసరం మాత్రం పెరుగుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 65 దాటినవారికి వృద్ధుల పోషణ నిపుణులు చెబుతున్నది 1 నుంచి 1.2 గ్రాములు. జబ్బు నుంచి కోలుకోవాలన్నా, పుండు మానాలన్నా 1.5 దాకా కావాలి. అదే పప్పు తిన్నా పాతికేళ్ళ కండరం వాడుకున్నంత బాగా డెబ్బై అయిదేళ్ళ కండరం వాడుకోలేదు మరి.

అంటే 50 కిలోల మామ్మగారికి 50 నుంచి 60 గ్రాములు. మనం పెడుతున్నది కూడండి. పొద్దున రెండు ఇడ్లీలు, 4. మధ్యాహ్నం చారన్నం, పల్చటి మజ్జిగ, 6 అనుకుందాం. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, 2. రాత్రి రాగి జావ, 3. అన్నీ కలిపి 15! లోటును శరీరం సొంత కండ కరిగించుకుని పూడ్చుకుంటుంది. తొడల్లో బలం పోతే కుర్చీలోంచి లేవలేరు. బాత్రూములో పడతారు, తుంటి విరుగుతుంది, మంచాన పడ్డాక వీపున పుండ్లు లేస్తాయి. అప్పుడు అందరం "వయసు కదా" అనుకుంటాం.

మా దగ్గర ఒక రిటైర్డు టీచరుగారు ఉన్నారు. ఉంగరం జారిపోకుండా దారం చుట్టుకుంటున్నారని ఆయమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. బరువు చూస్తే మూడు నెలల్లో 48 నుంచి 44కు దిగారు. ఆ వ్యవధిలో 5 శాతం తగ్గితేనే మేం కంగారు పడాలి. అడిగితే "అరగడం లేదమ్మా" అన్నారు. నోరు తెరవమంటే కింది కట్టుడు పళ్ళు వదులై చిగురు ఒరుసుకుపోయి ఉంది. నమలలేనని చెప్పడానికి మొహమాటం, అంతే. పళ్ళు సరిచేయించాం. చారు తగ్గించి ముద్దపప్పు, నెయ్యి కలిపాం. జావను నీళ్ళకు బదులు పాలతో కాచి రెండు చెంచాల పాలపొడి వేశాం. గుడ్డు ముట్టరు కాబట్టి పుట్నాలపొడి, గట్టి పెరుగు. కంచంలో ముద్దలు పెరగలేదు, ముద్దలో సరుకు పెరిగింది. రెండు నెలల్లో కిలోన్నర వెనక్కి వచ్చింది. ఉంగరానికి దారం ఇంకా ఉంది.

పిల్లలను నేను తప్పుపట్టను. అమ్మను ఇక్కడ దింపి గేటు దగ్గర పావుగంట నిలబడిపోయేవారిని చూస్తూనే ఉంటాను. పైగా మా నానమ్మకు ఆఖరి రెండేళ్ళూ మేం పెట్టింది పాలూ రొట్టే. అప్పటికి నేను ఈ చదువులోనే ఉన్నాను.

పప్పు తింటే కిడ్నీలు పాడవుతాయన్న వాట్సాప్ వైద్యులకు మాత్రం ఒక దండం. కిడ్నీ జబ్బు ఉన్నవారి లెక్క వేరు, అది డాక్టరే తేల్చాలి. లేనివారికి పప్పు ఎందుకు మాన్పిస్తారు?

"నీరసంగా ఉన్నారు, ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించండి." 5 శాతం గ్లూకోజ్ అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాములు. సుమారు 100 క్యాలరీలు, ప్రొటీన్ సున్నా. రెండు ఇడ్లీలు అంతకంటే నయం.

షుగర్ ఉందని కడుపు మాడ్చడం ఇంకో ముచ్చట. ఎనభై ఏళ్ళ మనిషి ఇన్సులిన్ వేసుకుని సగం తిని లేస్తే అసలు భయం షుగర్ పడిపోవడం.

దాహం వేస్తే వారే అడుగుతారనుకోకండి. ఆ వయసులో దాహం సరిగా తెలియదు, గ్లాసు చేతికివ్వాలి. నీళ్ళు తాగుతుంటే దగ్గొస్తే "కంగారుగా తాగుతారు" అని కొట్టిపారేయకండి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి గట్టి పదార్థాల కంటే పల్చటి నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి సులువుగా జారతాయి. డాక్టరుకు చూపించండి.

చివరగా, పుట్టినరోజులకూ వర్ధంతులకూ ఆశ్రమంలో భోజనాలు పెట్టించేవారికి ఒక మనవి. తెచ్చే ముందు వంటావిడకు ఒక ఫోను చేయండి. పోయిన ఆదివారం ఒకరు ప్రేమగా కరకరలాడే గారెలు తెచ్చారు. చాలామంది మధ్యలో మెత్తటి పిండి గిల్లుకుని తిని అంచులు కంచం పక్కన పెట్టారు. బుట్టలో మిగిలినవాటిని వంటావిడ రాత్రి వేడి సాంబారులో నానబెట్టి వడ్డించింది. ఒక్కటీ మిగలలేదు.