బొగ్గు కంటే పొగ బరువెక్కువ

మక్తల్‌లో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, కిలో బొగ్గు కాలిస్తే దాదాపు కిలోన్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుందట. కాల్చిందే కిలో అయితే, వచ్చేది కిలోన్నర ఎట్లయితది?" కృష్ణ స్టేషన్ దగ్గర, నదికి అవతల కనబడే శక్తినగర్ పొగగొట్టాలు చూస్తూ పెరిగిన పిల్ల. ఎంత మంచి ప్రశ్న!

ఆ అదనపు బరువు గాలిది. కార్బన్ పరమాణువు బరువు 12. కాలేటప్పుడు అది గాలిలోంచి 16 చొప్పున రెండు ఆక్సిజన్ పరమాణువులను పట్టుకుంటుంది. మొత్తం 44. అంటే 12 టన్నుల కార్బన్ కాలితే 44 టన్నుల వాయువు పైకి పోతుంది. మన బొగ్గులో బూడిదే మూడో వంతు దాకా ఉంటుంది కాబట్టి కార్బన్ 39 శాతం అనుకుందాం. కిలో బొగ్గుకు 1.43 కిలోలు తేలుతుంది. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అయినా ఇదే లెక్క: 32కి 32 కలిసి 64, సరిగ్గా రెట్టింపు.

బడిలో ఈ సమీకరణాన్ని బట్టీ పట్టిస్తాం, తక్కెడ మాత్రం చూపించం. గంధకం, భాస్వరం కాలితే బరువు పెరుగుతాయని 1772లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజియే తూచి చెప్పాడు. హోమం పొగ గాలిని శుద్ధి చేస్తుందని నమ్మేవాళ్లు నాకు చాలామంది తెలుసు. సమిధలోని కార్బన్ కూడా 12కి 44 చొప్పునే బయటికొస్తుంది. ఏ మంత్రంతోనూ ఆ లెక్క మారదు.

ఇక ప్లాంటు సంగతి. ఆ శక్తినగర్ గొట్టాలు రాయచూరు థర్మల్ కేంద్రానివి. అక్కడ మొదటి యూనిట్ 1985లో మొదలైంది. 210 మెగావాట్లవి 7, 250 మెగావాట్లది 1, మొత్తం 1,720 మెగావాట్లు. సింగరేణి బొగ్గు కూడా అక్కడికి వెళ్తుంది.

ఒక యూనిట్ కరెంటులో ఉండే శక్తి 860 కిలోకేలరీలు. ప్లాంటు దక్షత, అంటే బొగ్గు వేడిలో కరెంటుగా మారే వాటా, 34 శాతం అనుకుంటే, ఆ ఒక్క యూనిట్ కోసం దాదాపు 2,530 కిలోకేలరీల బొగ్గు కాల్చాలి. కిలోకు 3,600 ఇచ్చే బొగ్గయితే 700 గ్రాములు. దాన్ని 1.43తో గుణించండి, కిలో వచ్చింది. యూనిట్ కరెంటుకు కిలో కార్బన్ డయాక్సైడ్!

ప్లాంటుకు వయసు మీద పడితే ఏమవుతుంది? ఇంట్లో కుక్కర్ గాస్కెట్ సాగిపోతే ఆవిరి పక్కనుంచి పోతుంది, అదే అన్నానికి గ్యాస్ ఎక్కువ ఖర్చవుతుంది. ఆవిరితో తిరిగే టర్బైన్‌లోనూ అంతే. సీళ్లు అరిగి కొంత ఆవిరి బ్లేడ్లను తిప్పకుండానే జారిపోతుంది. ఆవిరిని చల్లబరిచి మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్ గొట్టాల్లో పాచి, సున్నం పేరుకుని వ్యాక్యూమ్ తగ్గుతుంది. దాంతో ఆవిరి చివరిదాకా వ్యాకోచించలేక, చేయాల్సిన పని పూర్తిగా చేయదు. దక్షత 34 నుంచి 32కి పడితే యూనిట్ కరెంటుకు 44 గ్రాముల బొగ్గు అదనం. వినడానికి చిన్నదే. 210 మెగావాట్ల యూనిట్ నిండు లోడ్‌తో నడిస్తే గంటకు 9 టన్నులు, రోజుకు 220 టన్నులు. పైకి పోయే వాయువు రోజుకు 300 టన్నులు పైనే పెరుగుతుంది, కరెంటు మాత్రం పిసరంత కూడా పెరగదు.

బూడిదను విద్యుత్ క్షేత్రంతో పట్టే యంత్రాలున్నాయి. అవి బాగా పనిచేస్తే గొట్టం నుంచి నల్లటి పొగ కనబడదు. అందుకే ఊళ్లో "ఇప్పుడు పొగే లేదు" అంటారు. కార్బన్ డయాక్సైడ్‌కు, సల్ఫర్ డయాక్సైడ్‌కు రంగు లేదు. సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015లో కేంద్రం పరిమితులు పెట్టింది, 2025 జూలైలో ఎక్కువ ప్లాంట్లకు మినహాయింపు ఇచ్చింది. అది తప్పని నా అభిప్రాయం.

నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్లవి 5 యూనిట్లు, సూపర్‌క్రిటికల్ రకం. 221 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 220 రెట్లు) పీడనం దాటాక నీరు మరగడమంటూ ఉండదు, నేరుగా ఆవిరి లక్షణాల్లోకి జారుకుంటుంది. ఆ పీడనంతో పాటు ఉష్ణోగ్రతా ఎక్కువే ఉండటం వల్ల ఈ రకం దక్షత 38 శాతం దాటగలదు. అప్పుడు కూడా యూనిట్ కరెంటుకు 900 గ్రాముల దాకా వాయువు తప్పదు. తగ్గింది పదో వంతే.

ఏ ప్లాంటుదైనా హీట్ రేట్, అంటే యూనిట్ కరెంటుకు ఎన్ని కిలోకేలరీల బొగ్గు కాలుస్తుందో ఆ లెక్క, దొరికితే 860ని దానితో భాగించి 100తో గుణించండి, దక్షత శాతం వస్తుంది.