లివర్‌పూల్ రోడ్ స్టేషన్‌కు పట్టాలు ఎలా దూరమయ్యాయి?

మాంచెస్టర్‌లో విక్టోరియా స్టేషన్‌ను ఆక్స్‌ఫర్డ్ రోడ్, పికడిల్లీ స్టేషన్లతో కలిపే ఓర్డ్‌సాల్ కార్డ్ అనే చిన్న లైను 2017 నవంబర్‌లో మొదలైంది. దానికోసం అదే ఊళ్లోని లివర్‌పూల్ రోడ్ పాత స్టేషన్‌కు మెయిన్ లైనుతో ఉన్న లింకు తెంచేశారు. ప్రపంచంలో మిగిలిన టెర్మినస్ (లైను చివర ఉండే) స్టేషన్లలో అతి పాతదిగా చెప్పే చోటు ఇది. అలా తెంచడం మీద వచ్చిన గొడవ అర్థం కావాలంటే 1830కి వెళ్లాలి.

ఆ ఏడాది సెప్టెంబర్ 15న లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే ప్రారంభమైంది. ప్రధాని వెల్లింగ్టన్ డ్యూక్ కూడా రైలెక్కాడు. దారిలో పార్క్‌సైడ్ దగ్గర ఇంజిన్లు నీళ్లు పట్టుకునేందుకు ఆగాయి. ఎంపీ విలియం హస్కిసన్ దిగి డ్యూక్ పెట్టె దగ్గరికి వెళ్లాడు. పక్క పట్టా మీద వస్తున్న రాకెట్ ఇంజిన్ కింద పడి, ఆ రాత్రే చనిపోయాడు. మాంచెస్టర్‌లో జనం డ్యూక్ మీద మండిపడుతున్నారు. 1819లో అక్కడే సభకొచ్చిన జనం మీద గుర్రపు దళం విరుచుకుపడిన పీటర్లూ మారణకాండను ఇంకా ఎవరూ మర్చిపోలేదు. ఆయన పెట్టె దిగనేలేదు.

ఆ రైల్వేకు మాంచెస్టర్‌లో చివరి స్టేషన్ ఈ లివర్‌పూల్ రోడ్డే. లైను నదినీ రోడ్డునూ వంతెనల మీద దాటి వచ్చేది కాబట్టి రైళ్లు పై అంతస్తు ఎత్తులో ఆగేవి. ఫస్ట్ క్లాస్ వాళ్లకో గుమ్మం, సెకండ్ క్లాస్ వాళ్లకో గుమ్మం, ఎవరి మెట్లు వాళ్లవి. ఎదురుగా ఉన్న గోదాములోకి వ్యాగన్లను టర్న్‌టేబుల్ మీద తిప్పి నేరుగా తోసేవారు. పత్తి బేళ్లు అక్కడే దించుకునేవారు.

ఇదంతా పద్నాలుగేళ్ల ముచ్చటే. లీడ్స్ వైపు రైళ్లతో కలిసే విక్టోరియా స్టేషన్ 1844లో రావడంతో ప్రయాణికులు అటు మళ్లారు. లివర్‌పూల్ రోడ్ గూడ్స్ యార్డుగా మిగిలింది. నా అభిప్రాయంలో దాన్ని కాపాడింది అదే. ప్రయాణికులు వస్తూనే ఉంటే ఎప్పుడో కూల్చి కొత్తది కట్టేవారు. గూడ్స్ కోసం పాత గోడలు సరిపోయాయి.

1975లో గూడ్స్ కూడా ఆగింది. తర్వాత బ్రిటిష్ రైల్ దాన్ని స్థానిక కౌన్సిల్‌కు ఒక్క పౌండ్‌కు ఇచ్చేసింది. 1983లో అక్కడ మ్యూజియం తెరిచారు.

ఓర్డ్‌సాల్ కార్డ్ ప్లాన్ వచ్చాక ఇంజనీర్ మార్క్ విట్బీ వేరే దారి చూపి కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. రైళ్ల రద్దీ తగ్గించాల్సిన అవసరం నిజమే. కానీ కాపాడుకోవాల్సింది గోడలనే కాదు, రైలు వచ్చే దారిని కూడా. జార్జ్ స్టీఫెన్‌సన్ కట్టిన ఇర్వెల్ నది వంతెన ఇప్పటికీ చెక్కుచెదరలేదు, స్టేషన్‌లోకి మాత్రం మెయిన్ లైను రైలు ఇక వచ్చే వీల్లేదు.