కూలిన కొండ కింద ఊరు

చిన్నూ, పండూ,

మొన్న వీడియో కాల్‌లో మీ ఇద్దరి గోల చూసి నవ్వాపుకోలేకపోయాను. మామయ్య ఫ్రాన్సులోని టులూజ్ నుంచి తెచ్చిన డబ్బాలో చీజ్‌కి ఆకుపచ్చ బూజు పట్టిందనీ, పారేద్దామంటే అమ్మ ఒప్పుకోవట్లేదనీ, పైగా దాన్ని అంత డబ్బు పోసి కొన్నారనీ చిన్నూ ఫిర్యాదు. పండుగాడైతే ముక్కు మూసుకునే మాట్లాడాడు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం మొదలుపెట్టాను. ఆ బూజు పుట్టిన ఊరు నేనూ మీ అమ్మమ్మా నిరుడు మే నెలలో చూసొచ్చాం మరి.

ఊరి పేరు రోక్‌ఫోర్ సుర్ సూల్జోన్. నోరు తిరగకపోతే రోక్‌ఫోర్ అనండి, చాలు. మీ డబ్బాలో ఉన్న చీజ్ పేరూ అదే. రాసేటప్పుడు చివర ‘ట్’ ఉంటుంది గానీ పలకరు. చివరి అక్షరాలు మింగేయడం ఫ్రెంచివాళ్లకి అలవాటు. సూల్జోన్ అనేది ఊరి కింద లోయలో పారే చిన్న వాగు. రోక్‌ఫోర్ పేరుతో ఫ్రాన్సులో ఇంకా ఊళ్లున్నాయి కాబట్టి, మనం ఇంటిపేరు చెప్పినట్టు వీళ్లు వాగు పేరు తగిలించుకున్నారు.

దక్షిణ ఫ్రాన్సులో అవేరోన్ అనే జిల్లాలో ఉంది. మామయ్య కారులో టులూజ్ నుంచి రెండున్నర గంటలు పట్టింది. దగ్గర్లో చెప్పుకోదగ్గ పట్నం మియో. అక్కడ తార్న్ నది లోయ మీద 2004లో తెరిచిన వంతెన ఉంది. దాని ఎత్తైన స్తంభం కొస నేల నుంచి 343 మీటర్లు, అంటే ఈఫిల్ టవర్ కన్నా పొడుగు. నేను ఫొటోలు తీస్తూ నిలబడిపోతే మామయ్య విసుక్కున్నాడు. వంతెన గురించి మీరే చదువుకోండి, నాకు కొండ గురించి చెప్పాలనుంది.

ఆ ప్రాంతంలో లార్జాక్ అనే పెద్ద పీఠభూమి ఉంది. అంతా సున్నపురాయి. ఎంత వాన కురిసినా నీళ్లు పైన నిలవవు, పగుళ్లలోంచి కిందికి దిగిపోతాయి. పైన వాగులూ చెరువులూ లేవు. రాళ్ల సందుల్లో పొట్టి గడ్డి మొలుస్తుంది. ఆవులకి ఆ మేత చాలదు, గొర్రెలు మాత్రం బతికేస్తాయి. వాటి దాహం కోసం అక్కడి రైతులు నేలలో పెద్ద పళ్లెంలా గుంట చేసి, అడుగున రాళ్లు పరిచి, వాన నీళ్లు పట్టుకునేవాళ్లు. అలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో పేరుపడిన చీజ్ గొర్రె పాలదే ఎందుకయిందో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ పీఠభూమి పక్కన విడిగా నిలబడ్డ చిన్న కొండ పేరు కొంబాలూ. దీనికి పైన సున్నపురాయి, దాని అడుగున బంకమట్టి. రాతి పగుళ్లలోంచి దిగిన నీళ్లకి ఆ బంకమట్టి నానింది. తడి సబ్బుబిళ్ల మీద ఇటుక పెట్టి చూడండి, ఏమవుతుందో. మనుషులు చరిత్ర రాసుకోవడం మొదలుపెట్టక ముందే కొండ అంచు అలాగే విరిగి జారింది. ఇల్లంతేసి బండలు ఒకదాని మీద ఒకటి పడి, రెండు కిలోమీటర్ల పొడవు, మూడు వందల మీటర్ల వెడల్పు ఉన్న రాళ్ల కుప్పయింది. ఊరు సరిగ్గా ఆ కుప్ప మీదే ఉంది. వెనక నిట్టనిలువు రాతి గోడ, ముందు లోయ, మధ్యలో ఒకే పొడవాటి వీధి.

కూలిన బండలు ఒకదానికొకటి అతుక్కోవు కదా, మధ్యలో సందులుంటాయి. కొన్ని సందులు కొండ లోపలికి ఎంతో దూరం పోతాయి. తడి రాళ్ల మధ్య తిరిగి తిరిగి చల్లబడిన గాలి ఆ పగుళ్లలోంచి బయటికి వస్తుంది. ఆ పగుళ్లని వాళ్లు ‘ఫ్లరీన్’లు అంటారు, ఊదడం అనే అర్థమున్న అక్కడి పాత భాష మాట నుంచి వచ్చిందట. ఆ గాలి తగిలే చోట నేలమాళిగలు తవ్వుకున్నారు. బయట ఎండ కాసినా మంచు కురిసినా లోపల ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల మధ్యే ఉంటుంది. ఆ చల్లదనానికి కరెంటు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు.

మేం టికెట్ కొని ఒక నేలమాళిగలోకి దిగాం. మీ అమ్మమ్మ శాలువా తెచ్చుకుంటుంటే ‘మే నెలలో శాలువా ఏంటి’ అని వెక్కిరించాను. పది నిమిషాలు తిరక్కముందే అందులో సగం నా భుజాల మీద ఉంది. మెట్లు దిగుతున్నకొద్దీ ఇంకా మెట్లే. ఇలా పదకొండు అంతస్తులు కిందికి ఉన్నవి కూడా ఉన్నాయట. గైడ్ అమ్మాయి ఒక చోట ఆగి గోడలో చిన్న చెక్క తలుపు తీసింది. వెనకాల ఏ గదో ఉంటుందనుకున్నాను. ఉన్నది ఒట్టి పగులు, చెయ్యి పట్టేంత. అరచెయ్యి పెట్టాను. కుండ మూత తీసి లోపలికి తొంగిచూస్తే మొహానికి తగులుతుందే, ఆ చల్లదనం, ఆగకుండా. లోపల చలి, తేమ సరిగ్గా ఉండటానికి ఆ తలుపుని ఎప్పుడు ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకునే మనిషి ఉంటాడు. ఇంజనీరు చేసే పనే, కాకపోతే చేతిలో ఉన్నది తలుపు గడియ.

వాసన సంగతి అడుగుతారని తెలుసు. తడిమట్టి, పాత చెక్క, బాగా పులిసిన మజ్జిగ, మూడూ కలిపినట్టుంది. ఓక్ చెక్క అరల మీద తెల్లటి చీజ్ చక్రాలు బారులు తీరి ఉన్నాయి, ఒక్కొక్కటి రెండున్నర నుంచి మూడు కిలోలు. బోర్లించి పెట్టరు, బండి చక్రంలా అంచు మీద నిలబెడతారు, ఒకటి ఇంకోదానికి తగలకుండా. అన్ని వైపులా గాలి ఆడాలి.

ఇప్పుడు చిన్నూ ప్రశ్న. మన ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే బూజు పడుతుంది, అమ్మమ్మ కేకలేస్తుంది. అది పిలవకుండా వచ్చిన బూజు. రోక్‌ఫోర్‌లోది పిలిచి కూర్చోబెట్టిన బూజు. దాని శాస్త్రీయనామం పెనిసీలియం రోక్‌ఫోర్టి, ఊరి పేరే పెట్టారు. పెనిసిలిన్ మందు తీసే బూజుకి చుట్టమే గానీ, అదీ ఇదీ ఒకటి కాదు. రై అనే ధాన్యం పిండితో పెద్ద రొట్టెలు కాల్చి నేలమాళిగలో వదిలేస్తే, కొన్ని వారాల్లో లోపలంతా బూజు నిండుతుంది. దాన్ని ఎండబెట్టి పొడి చేసి, చీజ్ చేసేటప్పుడు పాలలోనో, తోడుకున్న ముక్కల మీదో కలుపుతారు. అయితే ఈ బూజు పెరగాలంటే గాలి కావాలి. అందుకని ఒక్కో చక్రాన్నీ సూదులతో నలభై చోట్ల దాకా పొడుస్తారు. మీరిద్దరూ ఆ డబ్బా మళ్లీ తీసి వెలుతురులో చూడండి. బూజు అక్కడక్కడా తిన్నగా గీత గీసినట్టుంటే, అది సూది దిగిన దారే.

నేలమాళిగలో కనీసం పద్నాలుగు రోజులు అలా గాలికి ఉంచి, తర్వాత తగరపు రేకు చుట్టేస్తారు. గాలి అందక బూజు నెమ్మదిస్తుంది. మొదటి నుంచి లెక్కేస్తే తొంభై రోజులు నిండనిదే అమ్మకూడదు. పాలు లకోన్ అనే జాతి గొర్రెలవే అయి ఉండాలి, కాచకూడదు, పచ్చిపాలే. ఒక చక్రానికి పన్నెండు లీటర్ల దాకా పడతాయి. తమాషా ఏమిటంటే ఊళ్లో నాకు ఒక్క గొర్రె కూడా కనిపించలేదు. పాలు పితికేది చుట్టుపక్కల పల్లెల్లో, చీజ్ పోసేది వేరే చోట్ల. ఈ ఊరికి అది వచ్చేది గాలి కోసమే.

పాత రోజుల్లో ఈ చీకట్లో పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లని కబనియేర్‌లు అనేవారు. సీజన్ మొదలైతే పల్లెల నుంచి వచ్చి ఇక్కడే ఉండి, చక్రాలకి ఉప్పు రాయడం, తిప్పడం, పైన పట్టిన బూజు గీకడం, రేకు చుట్టడం. రోజంతా ఆ చలిలో. గైడ్ అమ్మాయి వాళ్ల గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్లిపోయింది. ఒక గొల్లపిల్లవాడి కథ మాత్రం తీరిగ్గా చెప్పింది. వాడు గుహలో రొట్టె, చీజ్ పెట్టుకుని, దారిన పోతున్న అందమైన అమ్మాయిని చూసి వెంటపడ్డాడట. కొన్నాళ్లకి తిరిగొచ్చి ఆకలికి ఆ బూజు చీజే తింటే అద్భుతంగా ఉందట. టూరిస్టులందరూ నవ్వారు. నాకైతే ఆ కబనియేర్‌ల కథే ఇంకాస్త వినాలనిపించింది.

రాసిపెట్టి ఉన్న చరిత్ర కూడా తక్కువేం కాదు. 1411లో ఆరో చార్లెస్ రాజు, ఈ చీజ్‌ని మాగబెట్టే హక్కు రోక్‌ఫోర్ వాళ్లదే అని పత్రం రాసిచ్చాడు. మంచి పేరున్న సరుక్కి నకిలీ రాకుండా ఉంటుందా? 1666లో టులూజ్ న్యాయస్థానం, దొంగ రోక్‌ఫోర్ అమ్మే వర్తకులకి జరిమానా వేస్తామని హెచ్చరించాల్సి వచ్చింది. 1925 జులైలో ఏకంగా చట్టమే వచ్చింది. చీజ్‌కి ఊరి పేరు మీద రక్షణ ఇచ్చిన చట్టాల్లో ఫ్రాన్సులో అదే మొదటిది. మన బందరు లడ్డూకి, తిరుపతి లడ్డూకి జీఐ అనే భౌగోళిక గుర్తింపు ఉంది చూడండి, అలాంటిదే. 1961లో మియో కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, చీజ్ ఎక్కడ చేసినా సరే, కొంబాలూ కూలిన రాళ్ల కింది గుహల్లో మాగితేనే ఆ పేరు పెట్టుకోవాలని తేల్చేసింది. అంటే ఒక కొండ ఎక్కడి దాకా జారిపడిందనేది కోర్టులో తేలాల్సిన విషయమైంది! ఇవాళ ఆ పేరుతో చీజ్ చేసే సంస్థలు ఏడే.

గొర్రెల రైతుల గురించి ఒక సంగతి రాయకపోతే నాకు తోచదు. 1971లో ఫ్రెంచి ప్రభుత్వం లార్జాక్ మీద ఉన్న సైనిక శిబిరాన్ని మూడు వేల హెక్టార్ల నుంచి పదిహేడు వేలకి పెంచుతామంది. భూములు పోయేది రోక్‌ఫోర్‌కి పాలు పోసే రైతులకి. మరుసటేడు 103 మంది రైతులు భూమి అమ్మేది లేదని సంతకాలు చేశారు. వాళ్ల మధ్యకి లాంజా దెల్ వాస్తో అనే పెద్దాయన వచ్చి పదిహేను రోజులు నిరాహార దీక్ష చేశాడు. ఎవరనుకున్నారు? ఇటలీలో పుట్టి, 1937లో వార్ధా వెళ్లి గాంధీగారి దగ్గర ఉండి, ఆయన చేత శాంతిదాస్ అని పేరు పెట్టించుకున్న మనిషి. చేతిలో కర్ర పట్టకుండా పోరాడటం ఆ రైతులు అలా నేర్చుకున్నారు. గొర్రెల్ని పారిస్ తీసుకెళ్లి ఈఫిల్ టవర్ కింద మేపారు. అనుమతి లేకుండా రాళ్లతో గొర్రెల కొట్టం కట్టేశారు, ఊరూవాడా వచ్చి రాళ్లు మోశారు. పదేళ్లు పట్టింది. 1981లో మితెరాఁ అధ్యక్షుడై ఆ పథకం రద్దు చేశాడు. శాంతిదాస్ సంగతి టులూజ్‌లో మామయ్య పక్కింటి ముసలాయన చెబితే నాకు తెలిసింది. మన గాంధీ కథ నాకు ఆయన చెప్పాల్సి వచ్చినందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

అన్నట్టు పండు అడిగాడు కదా, అది పల్లెటూరా పట్నమా అని. ఫ్రాన్సులో ఆ తేడా మనలా కాదు. మనకి పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని మెట్లున్నాయి. వాళ్లకి అన్నీ కమ్యూన్‌లే, పారిస్ కూడా కమ్యూనే, ఐదారు వందల మంది ఉన్న రోక్‌ఫోరూ కమ్యూనే. 1789 విప్లవం నాటి ఏర్పాటు అది. ఇప్పుడు దేశంలో దాదాపు ముప్ఫై అయిదు వేలున్నాయి. ప్రతిదానికీ ఒక మేయరు, ఒక ఆఫీసు. మన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉన్నప్పుడు అక్కడా మేయరుండేవాడు. ఇప్పటికీ ఫ్రాన్సులో ఎవరి పెళ్లయినా చట్టప్రకారం చెల్లాలంటే ముందు మేయరు ఆఫీసులో జరగాలి, చర్చి ఆ తర్వాతే.

చివరగా రుచి. నేను తిన్నాను. మొదట ఉప్పు, తర్వాత వెన్న, ఆ తర్వాత నాలుక మీద చురుక్కుమంటుంది. రెండో ముక్క కూడా తీసుకున్నాను. మీ అమ్మమ్మ ముట్టుకోలేదు. పాలు తోడుకోవడానికి గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారని మామయ్య చెప్పాడు, అంతే, పళ్లెం వెనక్కి జరిపేసింది. అమ్మకి కూడా ఈ సంగతి చెప్పండి, తినాలో వద్దో ఆవిడే చూసుకుంటుంది. మీరు మాత్రం ఊరికే ఫ్రిజ్ తలుపు తీసి డబ్బా వాసన చూడకండి. మూత గట్టిగా పెట్టి కింది అరలో ఉంచండి, లేకపోతే పాలకీ పెరుక్కీ కూడా ఆ వాసన పట్టేస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య