బడి రిజిస్టరుకు ఇంటి నంబరు అక్కర్లేదు: ఇల్లు లేని పిల్లల చదువుపై అపోహలు, వాస్తవాలు

తెలంగాణలో జూన్ 12న బడులు తెరుచుకున్న వారంలోనే నా పని ఎక్కువవుతుంది. హైదరాబాదులో ఫ్లైఓవర్ల కింద, రైల్వే స్టేషన్ల బయట, భవనాలు కడుతున్న చోట ప్లాస్టిక్ పట్టాల కింద నివసించే కుటుంబాల పిల్లలను దగ్గరలోని ప్రభుత్వ బడిలో చేర్పించడం, చేరిన తరువాత వారు అక్కడ నిలిచేటట్టు చూడడం పదమూడేళ్లుగా నేను చేస్తున్న పని. ఇన్నేళ్లలో నన్ను వెనక్కి పంపిన ప్రధానోపాధ్యాయుల్లో పిల్లలపై ద్వేషంతో పంపినవారు అరుదు. చాలామంది నిబంధనలు ఒప్పుకోవని నిజంగానే నమ్మారు. ఆ నమ్మకాలను చట్టంతో పోల్చి చూస్తే వాటిలో దాదాపు ఏదీ నిలవదు.

అపోహ: చిరునామా రుజువు లేని బిడ్డకు ప్రవేశం ఇవ్వకూడదు.

వాస్తవం: 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం మూడవ సెక్షను ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ప్రతి బిడ్డకూ ఇరుగుపొరుగు బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ఇరుగుపొరుగు అంటే ఆ బిడ్డ ఉంటున్న చోటికి దగ్గర అని అర్థం. ఆ చోటు సొంత ఇల్లో అద్దె ఇల్లో అయి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. పైగా తన పరిధిలో నివసించే పిల్లల వివరాలు నమోదు చేసే బాధ్యతనూ, వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం కల్పించే బాధ్యతనూ తొమ్మిదవ సెక్షను స్థానిక సంస్థ మీదే పెట్టింది. 2011 జనాభా లెక్కల సిబ్బంది రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ల మీద, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద తలదాచుకుంటున్నవారిని ఉన్నచోటే లెక్కించి, దేశంలో 17.7 లక్షల మందికి ఇల్లు లేదని తేల్చారు. లెక్కకు అందిన మనిషి బడి రిజిస్టరుకు అందకపోవడానికి కారణం లేదు. మా నగరంలో దుకాణాలూ ఆసుపత్రులూ పక్కనున్న ఫ్లైఓవరు స్తంభం మీది పిల్లరు నంబరుతోనే తమ జాడ చెప్పుకుంటాయి. ప్రవేశ దరఖాస్తులో చిరునామా గడి దగ్గర నేను కూడా ఆ పిల్లరు నంబరే రాస్తాను.

అపోహ: జనన ధ్రువపత్రం, ఆధార్ తెచ్చిన తరువాతే చేర్చుకుంటాము.

వాస్తవం: వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం పద్నాలుగవ సెక్షను నేరుగా చెబుతుంది. ఆసుపత్రి లేదా ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) రికార్డు, అంగన్‌వాడీ రికార్డు, అవేవీ లేకపోతే తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని వయసు తెలుపుతూ రాసి ఇచ్చే వాంగ్మూలం సరిపోతాయని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు వివరించాయి. ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పు సందేహానికి తావు లేకుండా ఉంది: బడిలో ప్రవేశం ప్రభుత్వం ఇచ్చే సేవా కాదు, రాయితీ కాదు, అది ప్రాథమిక హక్కు కాబట్టి దానికి ఆధార్ తప్పనిసరి కాదు, ఆధార్ చూపలేదని పిల్లలకు పథకాల ప్రయోజనం ఆపడమూ కుదరదు. అయినా కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించేటప్పుడు ఆధార్ గడి ఖాళీగా ఉంటే ఇబ్బంది వస్తుందన్న భయంతో ఉపాధ్యాయులు వెనుకాడుతున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ గడి నింపే పని బిడ్డ తరగతిలో కూర్చున్న తరువాత చేసుకోవలసినదే తప్ప, అది నిండేదాకా బిడ్డను గేటు బయట నిలపడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సవరించిన జనన మరణాల నమోదు చట్టం 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ రోజు గాని ఆ తరువాత గాని పుట్టినవారికి విద్యాసంస్థల్లో ప్రవేశానికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రాన్నే ఆ చట్టం చూపుతోంది. ఆ పిల్లలు ఒకటో తరగతి ఈడుకు 2029 చివర నుంచి వస్తారు. పద్నాలుగవ సెక్షను రక్షణ అప్పటికీ ఉంటుంది గాని, గేటు దగ్గర వాదన మాత్రం ఇంకా కష్టమవుతుంది. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే జిల్లా మేజిస్ట్రేటు గాని, అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని ఉత్తర్వు ఇవ్వాలి. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు ఇప్పుడే చంటిబిడ్డల తల్లులను కలిసి, కాన్పు కాగితాలు తడిసి పోకముందే నమోదు చేయించాలి.

అపోహ: టీసీ (బదిలీ పత్రం) లేకుండా, సంవత్సరం మధ్యలో చేర్చుకోవడం కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. గడువు దాటి వచ్చినా ప్రవేశం నిరాకరించరాదని పదిహేనవ సెక్షను, టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపరాదని అయిదవ సెక్షను చెబుతున్నాయి. టీసీ ఇవ్వడంలో జాప్యం చేసే ప్రధానోపాధ్యాయుడే క్రమశిక్షణ చర్యకు గురవుతాడు. వాస్తవంలో ఎదురయ్యే చిక్కు వేరు. ఒక చోటు నుంచి ఖాళీ చేయించిన కుటుంబం రాత్రికి రాత్రే నగరం మరో కొసకు వెళ్లిపోతుంది, పాత బడి కంప్యూటర్ నమోదులో బిడ్డ పేరు అలాగే ఉండిపోతుంది, ఆ పేరును పాత బడి విడుదల చేస్తే గాని కొత్త బడికి రాదు. అప్పుడు మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయానికి వెళ్లి, రెండు బడుల పేర్లూ తేదీలూ రాసి లేఖ ఇస్తే పని త్వరగా జరుగుతుంది. ఆలోగా బిడ్డ కొత్త బడిలో కూర్చోవచ్చు, మధ్యాహ్న భోజనం తినవచ్చు.

అపోహ: పదకొండేళ్లు వచ్చినా అక్షరాలు రాని పిల్లను ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టాలి.

వాస్తవం: నాలుగవ సెక్షను ప్రకారం ఆ పిల్లను ఈడుకు తగిన తరగతిలోనే చేర్చాలి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల వరకు సాగవచ్చు. ఇది సాధ్యమేనా అని అడిగేవారికి తెలుగునేల మీదే జవాబు ఉంది. రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లలను ఎం.వి. ఫౌండేషన్ బ్రిడ్జి కోర్సు (వెనుకబడిన చదువును అందుకునే శిక్షణ) శిబిరాల ద్వారా చదువులోకి తెచ్చి నేరుగా పై తరగతుల్లో చేర్పించింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు, తరువాత జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. పదకొండేళ్ల పిల్లను ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే ఆమె ఎక్కువ రోజులు రాదని నేను ఎన్నోసార్లు చూశాను.

అపోహ: ఆ తల్లిదండ్రులకే చదువు మీద ఆసక్తి లేదు.

వాస్తవం: నేను అత్యంత గట్టిగా కాదనే మాట ఇదే. పేవ్‌మెంటు మీద బతికే తల్లి తెల్లవారకముందే నీళ్ల కోసం వెతుక్కోవాలి, స్నానానికి మరుగు వెతుక్కోవాలి, ఆ తరువాత పనికి పోవాలి. ఆమె పనికి పోతే చంటివాణ్ణి ఎత్తుకునేది పెద్దపిల్ల, కాబట్టి ఆ పిల్ల బడికి రాలేదు. అంగన్‌వాడీలో తమ్ముడికి చోటు దొరికిన మరుసటి వారమే అక్క బడికి రావడం నేను చాలా కుటుంబాల్లో చూశాను. ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇంకా మరచిపోలేదు: "మల్ల మమ్ముల్ని ఈడికెల్లి లేపేస్తే పిల్ల బడి ఏమైతది మేడం?" ఆసక్తి లేని తల్లి అడిగే ప్రశ్న కాదు అది. తరగతిలో వాసన వస్తున్నావని అన్న మాటకు నొచ్చుకుని మానేసిన పిల్లలూ ఉన్నారు. పిల్లలను కొట్టడాన్నే గాక మానసికంగా వేధించడాన్ని కూడా పదిహేడవ సెక్షను నిషేధించింది. నేను వెళ్లిన ఒక బడిలో టీచరు తన గదిలో ఒక సబ్బు, తువ్వాలు, అదనపు యూనిఫాం ఉంచి, ఎవరికీ తెలియకుండా ఉదయం పావుగంట ముందు ఇద్దరు పిల్లలను రమ్మనేవారు. ఆ ఇద్దరూ ఆ ఏడాది ఒక్క వారం కూడా మానలేదు.

అపోహ: ఇలాంటి పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుని హోమ్‌లో (బాలల సంరక్షణ సంస్థలో) పెట్టడమే మంచిది.

వాస్తవం: ఇల్లూ ఆధారమూ లేని బిడ్డను, వీధిలో నివసించే బిడ్డను 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సంరక్షణ అవసరమైన బిడ్డగా గుర్తిస్తుంది. అలాంటి బిడ్డ ఒంటరిగా కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. కానీ అదే చట్టం మూడవ సెక్షను బిడ్డ బాధ్యత మొదట కుటుంబానిదేననీ, సంస్థలో ఉంచడం చివరి మార్గమనీ అంటుంది. తల్లిదండ్రులతో ఉంటున్న బిడ్డను కేవలం పేదరికం వల్ల విడదీయడం ఆ సూత్రానికి విరుద్ధం. కుటుంబం తానై కోరినప్పుడు, లేదా నిలకడలేని బతుకు వల్ల చదువు పదేపదే తెగుతున్నప్పుడు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఆవాస విద్యాలయాలు వంటి హాస్టలు వసతి ఉన్న బడులు ఉన్నాయి. అక్కడ చేర్చిన తరువాత పండుగకు, సెలవులకు తల్లి వచ్చి కలిసే ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టండి. అది లేని చోట పిల్లలు పారిపోయి తిరిగి ఫ్లైఓవరు కిందికే వస్తారు.

అపోహ: పద్నాలుగేళ్లు నిండితే హక్కు ముగుస్తుంది.

వాస్తవం: నాలుగవ సెక్షను కింద ఆలస్యంగా చేరిన బిడ్డకు పద్నాలుగు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఉచిత విద్య కొనసాగాలి.

ఇంత చెప్పినా కాదన్నవారిని ఏం చేయాలని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు అడుగుతుంటారు. ముందు నిరాకరణకు కారణం రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. నేను అడిగిన చోట ఇంతవరకు రాసి ఇచ్చినవారు లేరు, అడిగాక బిడ్డను లోపలికి పిలిచినవారు చాలామంది ఉన్నారు. అయినా కదలకపోతే ముప్పై రెండవ సెక్షను కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల్లో దానిపై నిర్ణయం రావాలి, దానికి తృప్తి చెందకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఫిర్యాదులో బిడ్డ పేరు, వెళ్లిన తేదీ, మాట్లాడిన వారి హోదా, చెప్పిన కారణం తప్పక రాయండి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు ఒకటి తల్లి చేతికి ఇవ్వండి. కుటుంబం రేపు ఏ పిల్లరు కిందికి మారినా ఆ కాగితం వారి వెంట ఉండాలి.