ఓడినవారు ఇంటికి వెళ్తారా?

1965 ఆగస్టులో లీ క్వాన్ యూ నాయకత్వంలో సింగపూర్ స్వతంత్ర దేశమైంది. అదే ఏడాది నవంబరులో కాంగోలో సైన్యాధిపతి మొబుటు అధికారం చేజిక్కించుకున్నాడు. ఇద్దరూ ప్రత్యర్థుల నోరు నొక్కినవారే, దశాబ్దాల తరబడి ఏలినవారే. ఒకరి హయాంలో చిన్న ఓడరేవు సంపన్న దేశమైంది. రెండోవాడి హయాంలో రాగి, కోబాల్టు, వజ్రాలు దండిగా ఉన్న దేశం దివాలా తీసింది. ‘గట్టి నాయకుడుంటే చాలు, ఓట్లెందుకు’ అనేవారు మొదటి పేరే తలుస్తారు. రెండోది వారి నోట రాదు.

దేశాల వృద్ధి రేట్లను పోల్చి చూసినా ఇదే తేలుతుంది. నియంతృత్వాల్లో శిఖరాలూ ఎక్కువే, అగాధాలూ ఎక్కువే. ప్రజాస్వామ్యాల్లో ఆ ఊగిసలాట తక్కువ. వచ్చేది లీ క్వాన్ యూనో మొబుటునో ముందుగా చెప్పగలిగిన వారు లేరు.

ఒకే పాలన రెండు రకాల ఫలితాలూ ఇవ్వవచ్చు. 1978 తర్వాత చైనాలో కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారు. అది చిన్న విషయం కాదు. కానీ అదే కమ్యూనిస్టు పార్టీ 1958లో ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలని ‘మహా ముందంజ’ అనే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, స్థానిక అధికారులు పైవారి మెప్పు కోసం లేని దిగుబడిని కాగితాల మీద పండించారు. ఆ లెక్కలు నమ్మి ప్రభుత్వం పల్లెల నుంచి ధాన్యం సేకరించింది, 1959లో విదేశాలకు ఎగుమతి కూడా చేసింది. ఆ జూలైలో లూషాన్ సమావేశాల సందర్భంగా రక్షణ మంత్రి పెంగ్ దెహువై మావోకు లేఖ రాశాడు. ముందు విజయాలను పొగిడి, ఆ తర్వాతే లోపాల జోలికి వెళ్లాడు. అయినా పదవి ఊడింది. అంతటివాడికే ఆ గతి పడితే జిల్లా గుమాస్తా నిజం రాస్తాడా? కరవు 1961 దాకా సాగి కోట్ల మందిని బలి తీసుకుంది. స్వేచ్ఛగా రాసే పత్రికలు, ప్రతిపక్షం ఉన్న ప్రజాస్వామ్య దేశంలో ఇంతటి కరవు రాలేదని అమర్త్య సేన్ చెప్పింది ఇందుకే.

అలాగని బ్యాలెట్ పెట్టె ఒక్కటే పని చక్కబెట్టదు. 1932 సెప్టెంబరులో జర్మనీ పార్లమెంటు ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) పాపెన్‌పై 512–42 ఓట్లతో అవిశ్వాసం ప్రకటించింది. నాజీలూ కమ్యూనిస్టులూ ఒకవైపే ఓటేశారు. కూల్చడానికి కలిసినవారు నిలబెట్టడానికి కలుస్తారా? మరుసటి జనవరిలో హిట్లర్ వచ్చాడు. 1949 నాటి పశ్చిమ జర్మనీ రాజ్యాంగం 67వ అధికరణంలో దీనికి విరుగుడు పెట్టింది: కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకుంటేనే పాతవాడు దిగుతాడు. ఆ తీర్మానం నెగ్గింది ఒక్కసారే, 1982లో. జనం వాళ్లే, మారింది నిబంధన. ‘ఈ ప్రజలు ప్రజాస్వామ్యానికి తగరు’ అనే మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

పేదరికం మాత్రం నిజమైన అడ్డంకి. రాజనీతి శాస్త్రవేత్తలు ఆడం ప్షెవోర్స్కీ, ఫెర్నాండో లిమోంగి 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1985 ధరల్లో తలసరి ఆదాయం వెయ్యి డాలర్ల లోపున్న చోట ప్రజాస్వామ్యం సగటు ఆయుష్షు ఎనిమిదేళ్లు. ఆరు వేలు దాటిన దేశాల్లో, వారు పరిశీలించిన కాలంలో, ఒక్కటీ కూలలేదు. పేద దేశంలో అధికారం పోతే బతుకుదెరువే పోతుంది, అందుకే ఓటమిని ఒప్పుకోవడం కష్టం. ఆఫ్రికా దేశం అంగోలాలో 1992 ఎన్నికల ఫలితాన్ని తిరుగుబాటు నేత సవింబి తిరస్కరించాడు. అంతర్యుద్ధం 2002లో అతని మరణం తర్వాతే ఆగింది.

అయితే ఆఫ్రికాలోని బోట్స్వానా కూడా, స్వతంత్రమైన 1966లో, నిరుపేద దేశమే. కానీ అక్కడి పల్లెల్లో ‘క్గోట్లా’ అనే సభ ఉండేది, అందులో జనం పెద్దను ముఖం మీదే విమర్శించేవారు. ఆ అలవాటు మీదే ఎన్నికలు నిలబడ్డాయి, వజ్రాల సొమ్ము తర్వాత తోడైంది. 58 ఏళ్లు ఏలిన పార్టీ 2024లో ఓడినప్పుడు, లెక్కింపు పూర్తికాకముందే అధ్యక్షుడు మసీసి ఓటమి ఒప్పుకున్నాడు.