డిఫెన్స్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం: తిరుపతి కాలేజీల్లో వినబడే అపోహలు, అసలు సంగతులు

అపోహ: రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో ఉద్యోగం రాకపోతే దారి మూసుకుపోయినట్టే.

వాస్తవం: డీఆర్‌డీఓ సైంటిస్ట్-బి పోస్టులకు గేట్ స్కోరు, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ప్రభుత్వ రక్షణ కంపెనీలైన బెంగళూరు బీఈఎల్ (ఎలక్ట్రానిక్స్), హెచ్‌ఏఎల్ (విమానాలు), హైదరాబాద్ బీడీఎల్ (క్షిపణులు) సొంతంగా నోటిఫికేషన్లు ఇస్తాయి. బీఈఎల్ ట్రైనీ ఇంజనీర్ పోస్టు కాంట్రాక్టుది, పర్మనెంట్ అనుకుని చేరకండి. ఈ సంస్థలకు బోర్డులు, టెస్ట్ రిగ్గులు (పరీక్షించే పరికరాలు) చేసిచ్చే ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి. గేట్ స్కోరు లేని ఫ్రెషర్ ముందు అడగాల్సింది వీటినే.

అపోహ: శ్రీహరికోటలో ప్రాజెక్టు చేస్తే డిఫెన్స్ అనుభవమే.

వాస్తవం: శ్రీహరికోటలోని షార్, గాదంకిలోని వాతావరణ పరిశోధన కేంద్రం ఎన్‌ఏఆర్‌ఎల్ రెండూ అంతరిక్ష శాఖవి, రక్షణ శాఖవి కావు. అక్కడ నేర్చుకున్న రాడార్ సిగ్నల్ ప్రాసెసింగ్ మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

అపోహ: పైథాన్, ఏఐ వస్తే చాలు.

వాస్తవం: ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు. పైథాన్ టెస్ట్ స్క్రిప్టులకు వాడతారు. విమానంలో, క్షిపణిలో నడిచే కోడ్ ఎక్కువగా సి, సి++లోనే ఉంటుంది. ఇలాంటి కోడ్‌లో చిన్న లెక్క తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ పేట్రియాట్, ఇరాక్ వేసిన స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది, 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. పేట్రియాట్ గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. 0.1 బైనరీలో పూర్తిగా ఇమడదు. 24 బిట్లకు కత్తిరించినప్పుడు పోయిన ఆ పిసరంత, 100 గంటలు ఆపకుండా నడిచేసరికి 0.34 సెకన్లయింది, దాంతో స్కడ్‌ను తప్పు చోట వెతికింది. ఫిక్స్‌డ్ పాయింట్ (భిన్నాలను నిర్ణీత బిట్లలో రాయడం), ఓవర్‌ఫ్లో (ఇచ్చిన బిట్లలో అంకె పట్టకపోవడం) చేత్తో లెక్కగట్టి నేర్చుకోమనేది ఇందుకే.

ఇంట్లో చేయదగ్గ అభ్యాసం ఒకటుంది. విమానంలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1553 బస్‌లో ఆదేశం మోసుకెళ్లే కమాండ్ వర్డ్‌ను సిలో తయారు చేయండి: టెర్మినల్ (బస్‌కు తగిలించిన పరికరం) అడ్రస్ 5 బిట్లు, పంపాలా తీసుకోవాలా అన్నదానికి 1, సబ్-అడ్రస్ 5, వర్డ్ కౌంట్ 5, మొత్తం 16. 32 వర్డ్‌లు అడగాలంటే కౌంట్‌లో 0 రాయాలి. చాలామంది తప్పేది అక్కడే. అడ్రస్ 31 బ్రాడ్‌కాస్ట్‌ది (అందరికీ ఒకేసారి పంపేది), మామూలు టెర్మినల్‌కు ఇవ్వకూడదు. తర్వాత ఒక ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ బోర్డు మీద, ఉచితంగా దొరికే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీఆర్‌టాస్‌తో రెండు టాస్కులు నడిపి, మధ్యలో సీరియల్ వైరు పీకేయండి. వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఆగిపోతే బోర్డును తిరిగి మొదలుపెట్టే టైమర్) రీసెట్ అవసరం లేకుండా ప్రోగ్రామ్ తేరుకోవాలి.

అపోహ: రోజంతా కోడింగే.

వాస్తవం: కోడ్ కంటే దాన్ని నిరూపించే పనే ఎక్కువ. ప్రతి రిక్వైర్‌మెంట్‌కూ ఒక నంబరు, ఆ నంబరుకు కోడ్, దానికి టెస్ట్ ముడిపడాలి. విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సిలో అన్నిటికంటే కఠినమైన లెవెల్ ఏలో, ఒకే ఇఫ్‌లో రెండు షరతులు ఉంటే, ఒక్కోటి విడిగా ఫలితాన్ని మార్చగలదని చూపాలి. రెండు టెస్టులు చాలవు, కనీసం మూడు కావాలి.

అపోహ: ఆఫర్ లెటర్ వచ్చిందంటే అయిపోయినట్టే.

వాస్తవం: పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన వైపు మామూలే, దానివల్ల చేరిక ఆలస్యం కావచ్చు. ఫైనలియర్‌లో ఉండగానే రెండూ ఒకేలా సరిచేయించుకోండి. అద్దె గది అడ్రస్ మారిన తేదీలు రాసిపెట్టుకోండి. చేరాక ఆఫీసు కోడ్ ఒక్క లైను కూడా గిట్‌హబ్‌లో పెట్టకండి.